గట్టి స్ప్రింగు వేస్తే గుంత పూడదు

సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కుతున్న పాత అంబాసిడర్‌ని రోడ్డు పక్కన నిలబడి చూస్తే, దాని ముందు సస్పెన్షన్ సంగతి సగం తెలిసిపోతుంది. గుంత దాటాక కూడా ముక్కు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటే షాకబ్జర్ల పని అయిపోయినట్టు. చిన్న గతుక్కే లోపల ఏదో ఠక్కున తగిలిన చప్పుడొస్తుంటే బండి కుంగిపోయి రబ్బరు స్టాపర్ల మీద కూర్చున్నట్టు. ఈ రెండు జబ్బులూ వేరు. కానీ రాయగడలో అడిగినా, జయపురంలో అడిగినా, బరంపురంలో అడిగినా షెడ్డులో చెప్పే మందు మాత్రం తరచు ఒకటే: "గట్టివి వేసేద్దాం బాబూ, ఘాటీకి ఆగుతాయి."

ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. రోడ్డు పాడైంది కాబట్టి బలమైన సామాను వేద్దామనడం సహజం. అయితే రోడ్డు బాగాలేనప్పుడు చక్రానికి కావలసింది పైకీ కిందికీ కదలడానికి చోటు. బిరుసు స్ప్రింగు ఆ చోటును వాడుకోనివ్వదు. గుంత లోతు ఎలాగూ తగ్గదు. చక్రం ఎంత కదలకుండా ఆగిందో అంత మేరా బాడీ కదులుతుంది, బాడీతోపాటు లోపల కూర్చున్నవాళ్ల నడుములు కదులుతాయి. వెల్డింగులు, బుష్‌లు, స్టీరింగ్ జాయింట్లు కూడా ఆ దెబ్బ తింటాయి. ఈ కార్లను తయారుచేసినవాళ్లకి మన రోడ్ల గురించి భ్రమలేమీ లేవు. అందుకే కాస్త మెత్తటి స్ప్రింగులు, చక్రానికి తగినంత కదలిక ఇచ్చారు. కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో తిరిగే పాత కారుకు కంపెనీ కొలతల స్ప్రింగు, దానికి తగ్గ మంచి షాకబ్జరు చాలావరకు సరిపోతాయి. మినహాయింపులు ఉన్నాయి. వాటిలో పెద్దది ఇంజిన్ మార్పిడి, దాని సంగతి తర్వాత.

ముందు అసలు ఏముంది?

"అంబాసిడర్ ముందు స్ప్రింగు ఉందా?" అని స్పేర్ పార్టుల కొట్లో అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ బండికి ముందు చుట్ల స్ప్రింగే లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో మొదలై 2014 దాకా తయారైన ఆ కారుకు ముందువైపు ఉండేవి టార్షన్ బార్లు. పొడవాటి ఉక్కు కడ్డీ ఒక చివర చక్రం కింది ఆర్మ్‌కి, రెండో చివర బాడీ కింద అడ్డ మెంబర్‌కి బిగించి ఉంటుంది. చక్రం లేచినప్పుడు ఆ కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి, మళ్లీ వెనక్కి తిరుగుతుంది. స్ప్రింగు పని మొత్తం అదే చేస్తుంది.

ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినికి ముందు చుట్ల స్ప్రింగులు, గొట్టం రకం షాకబ్జర్లు ఉంటాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి షాకబ్జరు స్ప్రింగు మధ్యలో దూరి రెండూ ఒకే ముక్కగా ఉంటాయి. బానెట్ మొత్తం ముందుకు లేస్తుంది కాబట్టి కూర్చుని పనిచేసుకోవచ్చు, అది హెరాల్డ్ యజమానులకు దక్కిన వరం. అంబాసిడర్ కంపెనీయే తయారుచేసిన కాంటెసా కారుకి కూడా ముందు చుట్ల స్ప్రింగులే. పాత మహీంద్రా జీపులకు ముందూ వెనకా కమాన్ కట్టలే (ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులు), వాటి లెక్క వేరు. జీపు కట్టల పని తెలిసిన కొలిమి ప్రతి హైవే ఊళ్లోనూ దొరుకుతుంది కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేద్దాం.

ఏ రకమో తేలాక వచ్చే ప్రశ్న, అసలు స్ప్రింగు మార్చాలా అని. ఇక్కడ ఒక అపోహ ఉంది. ముప్పై, నలభై ఏళ్లు వాడితే స్ప్రింగు మెత్తబడుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఉక్కు స్ప్రింగు బిరుసు తీగ మందం మీద, చుట్టు వ్యాసం మీద, చుట్ల సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. తుప్పు తినేస్తే తప్ప ఇవి పెద్దగా మారవు. మారేది ఎత్తు. ఏళ్ల తరబడి బరువు మోసి స్ప్రింగు కాస్త పొట్టిదవుతుంది, బండి కుంగుతుంది, చక్రానికి స్టాపర్‌కి మధ్య ఖాళీ తగ్గిపోతుంది. అప్పుడు ప్రతి గుంతకీ స్టాపర్ తగులుతుంది. లోపల ఉన్నవాళ్లకి అది 'బండి గట్టిగా ఉంది' అనిపిస్తుంది, మెకానిక్‌కి 'స్ప్రింగు మెత్తబడింది' అనిపిస్తుంది. ఇద్దరూ చూస్తున్నది ఎత్తు పోయిన స్ప్రింగునే.

కాబట్టి మొదట కావలసింది టేపు. చదునైన నేల దొరకాలి. రైస్ మిల్లు సిమెంటు కల్లం అయితే బ్రహ్మాండం. టైర్లలో గాలి సరిచేసి, కారును ముందుకీ వెనక్కీ రెండుమూడు సార్లు తోసి, చక్రం నడుమ హబ్ దగ్గర నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు మూలలా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు సైజు, అరుగుదల లెక్కలోకి వచ్చి తికమక పెడతాయి. కుడి ఎడమల మధ్య తేడా కనిపించగానే ముందు స్ప్రింగునే అనుమానించకూడదు. వెనక ఒక పక్క కమాన్ కట్ట చచ్చుబడితే దాని ఎదురు మూలన ముందు భాగం లేచి కనిపిస్తుంది. వెనక యాక్సిల్‌ని సరిగ్గా మధ్యలో జాకీతో ఎత్తి, అప్పుడు ముందు ఎత్తులు మళ్లీ చూస్తే తప్పు ఏ వైపుదో బయటపడుతుంది.

స్టాపర్ తగులుతోందా లేదా అన్నది కూడా ఊహించనక్కర్లేదు. రబ్బరు స్టాపర్ మీద కాస్త గ్రీజు రాసి, దాని ఎదుటి ఇనుమును శుభ్రంగా తుడిచి, రోజూ తిరిగే దారిలో ఒకసారి తిరిగొస్తే చాలు. ఇనుము మీద గ్రీజు ముద్ర పడిందంటే తగిలినట్టే. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లే దారిలో నలుగురు మనుషులు, సామాన్లతో ఒకటి రెండుసార్లు తగిలితే కంగారు లేదు, స్టాపర్ ఉన్నది అందుకే. ఊళ్లో స్పీడ్ బ్రేకర్‌కే తగులుతుంటే ఎత్తు పోయినట్టు.

సముద్రానికి దగ్గరగా ఉండే గోపాల్‌పూర్, బరంపురం వైపు కార్లకు ఇంకో పరీక్ష. ఉప్పుగాలికి స్ప్రింగు మీద పెయింటు లేచి, కింద తుప్పు గుంటలు పడతాయి. అన్నిటికంటే కింది చుట్టులో, స్ప్రింగు కూర్చునే, బురద నిలిచే కప్పులో ఇది మొదలవుతుంది. స్ప్రింగు విరిగేది కూడా సాధారణంగా అక్కడే. అక్కడ వైరు బ్రష్‌తో గీకి చూడకుండా 'స్ప్రింగు బాగానే ఉంది' అని చెప్పడం కుదరదు. కోరాపుట్ కొండల మీద ఉప్పు లేదు గానీ వాన, ఎర్రమట్టి ఉన్నాయి. ఆ బురద గట్టిపడి చుట్ల మధ్య ఉండిపోతే లోపల తేమ ఆరదు.

అర మిల్లీమీటరు ఎంత పని చేస్తుంది

స్ప్రింగు బిరుసు తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 12 మి.మీ. తీగ బదులు అదే చుట్టు వ్యాసంలో, అన్నే చుట్లతో 12.5 మి.మీ. తీగ వాడితే బిరుసు సుమారు 18 శాతం పెరుగుతుంది. 13 మి.మీ. అయితే దాదాపు 38 శాతం. కంటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. అందుకే 'సేమ్ టు సేమ్' అని కొట్టువాడు ఇచ్చిన స్ప్రింగును వెర్నియర్ కాలిపర్‌తో కొలవకుండా తీసుకోకూడదు. తీగ మీద పెయింటు మందంగా ఉంటే ఒక చోట గీకి కొలవాలి. చుట్లు లెక్కపెట్టేటప్పుడు పైనా కిందా కప్పుల్లో ఆని పనిచేయని చుట్లను వదిలేయాలి.

రెండో లెక్క ఆర్మ్ పొడవుది. స్ప్రింగు చక్రం దగ్గర ఉండదు, ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. లెక్క సులువు కోసం సరిగ్గా సగంలో ఉందనుకుందాం. అప్పుడు స్ప్రింగు దగ్గర 10 మి.మీ. తేడా వస్తే చక్రం దగ్గర 20 మి.మీ. అవుతుంది. చక్రానికి తెలిసే బిరుసు మాత్రం స్ప్రింగు బిరుసులో నాలుగో వంతే, ఎందుకంటే చక్రానికి బలం సగమే చేరుతుంది, కదలిక రెట్టింపవుతుంది. స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి 5 కిలోలు పడితే చక్రం దగ్గర 1.25 కిలోలు చాలు. ఆ మూలన 200 కిలోల బరువుంటే సస్పెన్షన్ 160 మి.మీ. కుంగి నిలబడుతుంది. అలాంటి బండి గుంత తగిలాక నిమిషానికి 75 సార్ల వేగంతో ఊగాలని చూస్తుంది, మనిషి ఒంటికి ఇది హాయిగా ఉండే వేగమే. ఇప్పుడు అదే చోట 30 శాతం బిరుసైన స్ప్రింగు వేద్దాం. కుంగేది 123 మి.మీ. మాత్రమే. స్ప్రింగు విడి ఎత్తు (బరువు లేనప్పటి ఎత్తు) తగ్గించకపోతే బండి ముక్కు 37 మి.మీ. లేచి కూర్చుంటుంది.

'లేచి కూర్చుంటే మంచిదే కదా, కింద రాళ్లు తగలవు' అనే మాట వెంటనే వస్తుంది. ఆ ఎత్తు ఊరికే రాదు. చక్రం కిందికి వేలాడే చోటు అంతే తగ్గింది కాబట్టి గుంతలోకి చక్రం పూర్తిగా దిగకముందే షాకబ్జరు చివరిదాకా సాగిపోతుంది, 'ధడ్' మని కొడుతుంది. బాల్ జాయింట్లు వంపు చివరకు వచ్చి నలుగుతాయి. చక్రాల కోణాలు మారి టైర్లు ఒక పక్క తినేస్తాయి. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి కొడతాయి, ఘాట్ మలుపుల్లో రాత్రిపూట ఇది చిన్న విషయం కాదు.

మన షెడ్డుల్లో చేసే మూడు చిట్కాలనూ ఈ లెక్కతో తూచవచ్చు. ఒకటి, కుంగిన స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చడం. టాక్సీ నడిపినవాళ్లందరికీ తెలిసిన పనే. బఫరు ఉన్నచోట చుట్టు పనిచేయడం దాదాపు మానేస్తుంది. ఏడు చుట్లలో ఒకటి ఆగిపోతే బిరుసు సుమారు 17 శాతం పెరుగుతుంది, మిగతా ఆరు చుట్లు ఎక్కువ మెలి తిరగాలి. బఫరు ఒరుసుకున్న చోట పెయింటు పోయి తుప్పు మొదలవుతుంది. వరి కోతల సీజన్ గడిచేదాకా బండి నడవాలంటే సరే, రెండేళ్లు అలాగే వదిలేస్తే స్ప్రింగు విరగడానికి తనే చోటు చూపిస్తుంది. రెండు, ఎత్తుగా ఉందని ఒక చుట్టు కోసేయడం. బిరుసు లెక్క ఇక్కడా అదే 17 శాతం. పైగా కోసిన చివర కప్పులో సరిగ్గా కూర్చోదు. మూడు, గ్యాస్ మంటతో వేడిచేసి సాగదీయడం. స్ప్రింగు ఉక్కుకు వేడిచేసి చల్లార్చి, మళ్లీ సన్న వేడితో పదును సరిచేసిన గుణం ఉంటుంది. టార్చ్ తగిలిన చోట ఆ గుణం పోతుంది. సాగదీసిన ఎత్తు కొన్ని వారాలు నిలిచి మళ్లీ పడిపోతుంది, లేదా అక్కడే పగులుతుంది. కమాన్ పట్టీకి వంపు కొట్టే చేయి ఎంత గొప్పదైనా చుట్ల స్ప్రింగు మీద ఆ విద్య పనిచేయదు.

కప్పుకీ స్ప్రింగుకీ మధ్య వాషరు లాంటి స్పేసరు వేయడం వీటికంటే నయం. స్పేసరు బిరుసు పెంచదు, ఎత్తు మాత్రమే పెంచుతుంది. పైన అనుకున్న లెక్కలో 5 మి.మీ. స్పేసరు చక్రం దగ్గర 10 మి.మీ. ఎత్తిస్తుంది. ఎడమ కుడి మధ్య చిన్న తేడా సర్దడానికి ఇది మర్యాదైన పద్ధతి.

అంబాసిడర్ యజమానికి ఈ తంటాలు తక్కువ. టార్షన్ బార్ వెనక బిగింపు దగ్గర కోణం మార్చి ఎత్తు సర్దుకోవచ్చు, దానివల్ల బిరుసు మారదు. కడ్డీ బిరుసుకు కారణం దాని మందం, పొడవు మాత్రమే. చాలామంది 'టార్షన్ టైట్ చేయించాను, బండి గట్టిపడింది' అంటారు. గట్టిపడలేదు, లేచింది, స్టాపర్‌కి దూరమైంది. ఇక్కడ తప్పనిసరిగా పాటించాల్సింది ఒకటుంది. ఎడమ కడ్డీ ఎడమకే, కుడి కడ్డీ కుడికే వేయాలి. తయారీలోనే కడ్డీని అది పనిచేసే దిశలో ముందే మెలి తిప్పి సిద్ధం చేస్తారు. పక్కలు మార్చి వేస్తే వ్యతిరేక దిశలో బరువు పడి త్వరగా కుంగుతుంది లేదా విరుగుతుంది. విప్పేటప్పుడే పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి. పైపు రెంచితో కడ్డీ నడుమ పట్టుకుని తిప్పితే పడే పళ్ల గాట్లు కూడా ప్రమాదమే, పగులు అక్కడి నుంచే పాకుతుంది. తుప్పు గుంటలు పడ్డ కడ్డీని గ్రైండర్‌తో నునుపు చేయించి 'కొత్తదైపోయింది' అనుకోకూడదు. మందం తగ్గితే నాలుగో ఘాతం లెక్క ఈసారి వ్యతిరేకంగా పనిచేస్తుంది.

షాకబ్జరు స్ప్రింగుకి సేవకుడు

బండి బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జరు మోయదు. స్ప్రింగు ఊపును నూనె చిన్న రంధ్రాల గుండా నెట్టి వేడిగా మార్చి ఆపుతుంది, అంతే. కాబట్టి స్ప్రింగు ఏదో తేల్చుకోకుండా షాకబ్జరు కొనడం వరస తప్పిన పని. స్ప్రింగు 30 శాతం బిరుసైతే షాకబ్జరు అదుపు సుమారు 14 శాతం పెరగాలి. స్ప్రింగు అసలు కొలతదే అయితే షాకబ్జరూ అసలు కొలతదే ఉండాలి.

'హెవీ డ్యూటీ' అని రాసి అమ్మే షాకబ్జర్ల దగ్గర కాస్త ఆగాలి. షాకబ్జరు నొక్కుకుపోయేటప్పటి కంటే సాగేటప్పుడు ఎక్కువ అడ్డుకునేలా తయారవుతుంది, అది సరైనదే. ఆ అడ్డు మరీ ఎక్కువైతే ఏమవుతుందో మన రోడ్లే చెబుతాయి. కలప లారీలు నడిచి అలలు తేలిన తారు మీద గుంత వెనక గుంత వస్తుంది. మొదటి దెబ్బకు చక్రం పైకి లేస్తుంది. అది తిరిగి పూర్తిగా దిగకముందే రెండోది తగులుతుంది, మళ్లీ మూడోది. ప్రతిసారీ చక్రం కొంచెం పైనే ఉండిపోతుంది. అర ఫర్లాంగు వెళ్లేసరికి బండి తన సహజ ఎత్తు కంటే కిందికి దిగిపోయి స్టాపర్ల మీద నడుస్తుంటుంది. డ్రైవరు దిగి చూస్తే ఎత్తు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే ఆగగానే లేచింది. 'స్ప్రింగు మెత్తగా ఉంది' అని ఇంకా బిరుసువి వేయిస్తాడు. ఇలా ఒక తప్పు ఇంకో తప్పును పిలుస్తుంది, బిల్లు మాత్రం యజమానిది.

బానెట్ మూల నొక్కి వదిలే పరీక్ష అందరూ చేస్తారు. పైకి లేచి, ఒకసారి కిందికి వచ్చి ఆగితే బాగున్నట్టు అంటారు. పూర్తిగా చచ్చిన షాకబ్జరును అది పట్టిస్తుంది. సగం చచ్చినదాన్ని పట్టించదు, ఎందుకంటే పాత బండిలో బిగుసుకున్న బుష్‌లూ గ్రీజు లేని పిన్నులూ ఊపును తామే ఆపేస్తాయి. విప్పి నిలువుగా పట్టుకుని చేత్తో లాగి నొక్కడమే నమ్మదగిన పరీక్ష. మొత్తం దూరంలో ఎక్కడా ఖాళీగా జారకూడదు, దిశ మారేటప్పుడు 'టక్' మనకూడదు. రాడ్డు మీద తుప్పు చుక్కలుంటే ఆయిల్ సీలు ఇవాళ కాకపోయినా రేపు కారుతుంది. బయట సన్నటి నూనె చెమ్మ ఉంటే భయం లేదు, ధార కట్టి మట్టి పేరుకుంటే దాని పని అయిపోయినట్టు.

పొడవు విషయంలో మొహమాటం పనికిరాదు. స్ప్రింగు తీసేసిన ఆర్మ్‌ని జాకీతో స్టాపర్ తగిలేదాకా ఎత్తి, షాకబ్జరు పై బిగింపు నుంచి కింది బిగింపు దాకా కొలవాలి. తర్వాత ఆర్మ్‌ని పూర్తిగా వేలాడనిచ్చి మళ్లీ కొలవాలి. కొత్త షాకబ్జరు పూర్తిగా నొక్కినప్పుడు మొదటి కొలత కంటే పొట్టిగానూ, పూర్తిగా సాగినప్పుడు రెండో కొలత కంటే పొడవుగానూ ఉండాలి, రెండువైపులా కనీసం ఒక సెంటీమీటరు వెసులుబాటుతో. కొన్ని పాత కార్లలో చక్రం కిందికి వేలాడకుండా ఆపేదే షాకబ్జరు. అలాంటి చోట రెండో కొలతకు కంపెనీ మాన్యువల్‌నే నమ్మాలి. వేరే కారుది 'ఫిట్టవుతుంది' అని వేసినప్పుడు బిగింపు కన్ను, పిన్ను కలిస్తే చాలనుకుంటారు. పొడవు కలవని షాకబ్జరు స్టాపర్ చేయాల్సిన పని తన తలతో చేస్తుంది, మొదటి వానాకాలం దాటదు.

గ్యాసా, ఆయిలా అన్న చర్చ కొట్ల దగ్గర వేడిగా సాగుతుంది. గతుకుల మీద చాలాసేపు పరుగెత్తితే మామూలు ఆయిల్ షాకబ్జరులో నూనె, గాలి కలిసి నురుగై పట్టు తగ్గుతుంది. గ్యాస్ ఒత్తిడి ఆ నురుగును అదుపు చేస్తుంది, అది నిజమైన లాభం. అయితే గ్యాస్ రాడ్డును ఎప్పుడూ బయటికి తోస్తుంటుంది. 12 మి.మీ. రాడ్డు, 25 బార్ల ఒత్తిడి ఉండే ఒంటి గొట్టం రకమైతే ఆ తోపు సుమారు 29 కిలోలు. షాకబ్జరు కూడా ఆర్మ్ సగంలోనే ఉందనుకుంటే, మన లెక్కలోని కారుకు అది చక్రం దగ్గర సుమారు 11.5 మి.మీ. ఎత్తు అవుతుంది. కాబట్టి గ్యాస్‌వి వేశాక ఎత్తులు మళ్లీ కొలవాలి. జంట గొట్టాల రకంలో గ్యాస్ ఒత్తిడి చాలా తక్కువ, ఈ బాధ అంతగా ఉండదు. అసలు కాయిల్, టార్షన్ అలాగే ఉంచుకున్న కుటుంబ కారుకు మంచి కంపెనీ ఆయిల్ షాకబ్జరు, దొరికితే తక్కువ ఒత్తిడి గ్యాస్ షాకబ్జరు చాలు. రేసు కార్ల రంగు రంగుల సరుకు వేసి సుంకి ఘాట్‌లో 40 మీద పోవడంలో అర్థం లేదు.

బాగా పాత మోడళ్లకు కొన్నిటికి లీవరు రకం షాకబ్జర్లు ఉంటాయి. గొట్టం ఉండదు, చెయ్యిలాంటి లీవరు, ఇనుప డబ్బాలో నూనె. వాటిని పారేసి గొట్టం రకం బ్రాకెట్లు వెల్డ్ చేయించే తొందర కనిపిస్తుంది. ఇరుసు అరగకుండా ఉంటే సీలు మార్చి, సరైన నూనె పోస్తే అవి మళ్లీ పనిచేస్తాయి. ఇంజిన్ ఆయిల్ పోయకూడదు, చలికాలం పొద్దున అది మరీ చిక్కబడుతుంది. కోరాపుట్ చలి తెలిసినవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంజిన్ మారితే లెక్క మారుతుంది

గట్టి స్ప్రింగు నిజంగా అవసరమయ్యే చోటు ఇదే. అంబాసిడర్‌కి పెట్రోలు ఇంజిన్ ఉంది, డీజిల్ ఉంది, 1990ల నుంచి ఇసుజు 1.8 కూడా ఉంది. పద్మినిలో 137డి అనే డీజిల్ మోడల్‌ని కంపెనీయే అమ్మింది. ఇవి కాక పెట్రోలు బండిలో ఏదో ఒక డీజిల్ ఇంజిన్ దింపినవి ఊరికి ఒకటైనా ఉంటాయి. ముందు బరువు పెరిగితే పెట్రోలు కారు స్ప్రింగు కుంగుతుంది, అది స్ప్రింగు తప్పు కాదు. అలాంటి కారుకు ముందు బరువు ఎంతో తెలియాలి. వే బ్రిడ్జి మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం వేయిస్తే ఆ అంకె వచ్చేస్తుంది. పెద్ద కాటా మీద పది, ఇరవై కిలోల తేడా ఉండవచ్చు, దానివల్ల నష్టం లేదు. బరువు ఎంత శాతం పెరిగిందో స్ప్రింగు బిరుసు దాదాపు అంత శాతం పెంచితే ఊపు వేగం పాతదే ఉంటుంది. డీజిల్ తీసేసి మళ్లీ అసలు పెట్రోలు ఇంజిన్ పెట్టుకున్నవాళ్లు స్ప్రింగులు కూడా వెనక్కి మార్చాలన్నది మరిచిపోతుంటారు. ముక్కు ఆకాశం చూస్తున్న పద్మిని కనిపిస్తే కారణం ఇదే అయ్యుండవచ్చు.

సామాను సంపాదించడంలో బరంపురానికి ఒక సౌకర్యం ఉంది. హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఉన్న ఊరు కాబట్టి అటు కోల్‌కతా మల్లిక్ బజార్, ఇటు చెన్నై పుదుప్పేట రెండూ అందుతాయి. అంబాసిడర్ సరుకుకు మొదటిది, హెరాల్డ్ సరుకుకు రెండోది ముందు వెతకదగ్గవి. ఫియట్‌కి బొంబాయి వైపు చూడాల్సి వస్తుంది. రాయగడ, జయపురం వాళ్లకి విశాఖ దగ్గర. పాత బండి నుంచి ఊడదీసిన స్ప్రింగు తెచ్చుకోవడం కంటే కొత్తగా చుట్టించడం మేలు, చుట్టేవాడికి పని తెలిస్తే. అతనికి విడి ఎత్తు ఒక్కటే చెబితే చాలదు. ఇంత ఎత్తుకు నొక్కినప్పుడు ఇంత బరువు మోయాలి అని చెప్పాలి. చుట్టాక పదును పెట్టి, టెంపర్ చేసి, ఉక్కు గుళ్లతో షాట్ పీనింగ్ చేశారా అని అడగాలి. చేతికి వచ్చిన స్ప్రింగును ప్రెస్సులో చుట్లు ఆనుకునేదాకా మూడుసార్లు నొక్కించి ఎత్తు కొలిస్తే సరుకు గుట్టు తెలుస్తుంది. మూడోసారి కూడా ఎత్తు తగ్గుతూనే ఉంటే అది కారు కింద కూడా తగ్గుతుంది. ఎప్పుడైనా జతగానే మార్చాలి, కుడికి కొత్తది ఎడమకు పాతది అన్న పొదుపు స్టీరింగ్‌ని ఒక పక్కకి లాగుతుంది.

బిగించేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సిన చోటు స్ప్రింగు నొక్కడం. నొక్కి ఉన్న స్ప్రింగులో మనిషిని చంపేంత శక్తి ఉంటుంది. తాడు కట్టి, కర్ర అడ్డంపెట్టి చేసే పని కాదిది, సరైన కంప్రెసర్ ఉండాలి. హెరాల్డ్‌లో ఇంకో ఉచ్చు ఉంది. పైన మూడు నట్లు మొత్తం ముక్కను బాడీకి పట్టుకుంటాయి, నడుమ ఉన్న ఒక్క నట్టు స్ప్రింగును నొక్కిపెట్టి ఉంచుతుంది. కారు మీద ఉండగా విప్పాల్సింది ఆ మూడింటినే. నడుమ నట్టు ముట్టుకుంటే స్ప్రింగు ముఖం మీదికి వస్తుంది. అదే చేత్తో హెరాల్డ్ కింది ట్రనియన్ (చక్రాన్ని మోసే నిలువు కడ్డీని కింది ఆర్మ్‌కి కలిపే మర జాయింటు) కూడా చూడాలి. దానికి గ్రీజు కొట్టడం మన అలవాటు, కానీ అది కోరేది 90 గేర్ ఆయిల్. గ్రీజు లోపలి మరలదాకా సరిగ్గా చేరదు, తేమ చేరుతుంది. ట్రనియన్‌లో దూరే నిలువు కడ్డీ మర దగ్గర విరిగి చక్రం మడత పడటం హెరాల్డ్‌ల పాత జబ్బు. కొత్త స్ప్రింగు వేసి దాన్ని వదిలేయడం కంటే తెలివితక్కువతనం ఉండదు.

కొత్త షాకబ్జరు కొట్లో అడ్డంగా పడి ఉంటుంది కాబట్టి బిగించే ముందు నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కాలి, లోపలి గాలి పైకి పోతుంది. రబ్బరు బుష్‌ల బోల్టులు చివరిగా బిగించేది కారు నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బిగిస్తే బుష్ ఆ కోణంలో పట్టుకుపోతుంది, కిందికి దించగానే మెలి తిరిగి కొన్ని నెలల్లో చిరుగుతుంది. ఎత్తు కూడా తప్పు చూపిస్తుంది. వందల రూపాయల బుష్‌లు వేలల్లో పెట్టిన స్ప్రింగుల పేరు పాడు చేసేది ఇక్కడే. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించాలి. కొత్త స్ప్రింగులు మొదట్లో కాస్త సర్దుకుంటాయి కాబట్టి ఒక ఐదువందల కిలోమీటర్లు తిరిగాక ఎత్తు మళ్లీ కొలిచి, అవసరమైతే మరోసారి అలైన్‌మెంట్ చేయించాలి.

కాగితాల సంగతి కొంచెం. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉన్న కారును వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము, నంబరులో 'వీఏ' అక్షరాలు. అయితే అలా నమోదైన కారును రోజువారీ అవసరాలకు రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. స్ప్రింగులు, షాకబ్జర్లు అరిగే సామాను కాబట్టి అసలు రకానివి మార్చితే చిక్కు రాదు. చాసిస్ కోసి వేరే కారు ముందు సస్పెన్షన్ మొత్తం దించినవాళ్లు మాత్రం ఆ దారి తామే మూసుకున్నట్టు.

విప్పిన పాత స్ప్రింగులను, కడ్డీలను తూకానికి వేసేయకూడదు. ఎడమ, కుడి రాసి, తీగ మందం, చుట్లు, బండి ఎత్తు ఎంత ఉండగా తీశారో చీటీ కట్టి అటక మీద పెట్టాలి. కొత్తవి కుదరకపోయినా, కొన్నేళ్లకు మళ్లీ చుట్టించాల్సి వచ్చినా చుట్టేవాడి చేతిలో పెట్టడానికి అసలు నమూనా అదొక్కటే.